ఒంటరి నిగ్రహం చాలదు

చేతిలోని ఫోనును క్షణమైనా క్రింద పెట్టలేని యువకుని చూచి పెద్దలు చెప్పే మాట దేశమంతటా ఒక్కటే. అతనికి మనోనిగ్రహం లేదు; మనస్సును అదుపులో పెట్టుకొంటే ఈ వ్యసనం తనంతట తానే వదలిపోతుంది. ఉపాధ్యాయులు తరగతిలో ఈ మాటనే చెబుతారు. తల్లిదండ్రులు భోజనాల వేళ ఈ మాటనే చెబుతారు. పత్రికలు ఆదివారపు అనుబంధాలలో దీనినే పది సూత్రాలుగా విడదీసి అచ్చువేస్తాయి. విచిత్రమేమంటే, ఈ హితోపదేశాన్ని పదిమందికి పంపించేవారు కూడా దానిని ఫోను ద్వారానే పంపిస్తారు. పంపించిన తరువాత ఎందరు చదివారో పదే పదే చూచుకొంటారు.

ఈ ఉపదేశం సులభమైనది, వినసొంపైనది. కాని సరియైనది కాదు. ఆ యువకుని చేతిని ఫోనుకు కట్టివేసినది కేవలం వినోదకాంక్ష కాదు, భయం. తాను లేని చోట తనవారందరూ కలిసి ఉన్నారేమో, తాను చూడని క్షణాన చూడదగినదేదో జరిగిపోతున్నదేమో అనే భయం. అట్టి భయం ఒక్క మనిషిలో పుట్టి ఆ ఒక్క మనిషిలోనే పెరిగేది కాదు. పదిమంది నడుమ పుట్టి, ఆ పదిమంది వలననే పెరుగుతుంది. అందుచేత దానిని ఎవరికి వారు ఒంటరిగా జయించవలెనని చెప్పడం, ఊరంతా అంటుకొన్నప్పుడు ఎవరి ఇంటి చూరు వారు తడుపుకొమ్మని చాటింపు వేయించడం వంటిది.

ఈ భయానికి పేరు క్రొత్తది. 2004 లో అమెరికాలోని హార్వర్డ్ వాణిజ్య విద్యాలయపు విద్యార్థి పత్రికలో పాట్రిక్ మెక్‌గిన్నిస్ అనే విద్యార్థి దీనిని ‘ఫోమో’ అని పిలిచాడు. నాలుగు ఆంగ్ల పదాల తొలి అక్షరాలను కూర్చిన పేరది. ఏదో చేజారిపోతుందేమో అనే భయమని దాని భావం. తెలుగులో వెలితి భయం అనవచ్చును. 2013 లో ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ, ఆయన సహచరులు దీనిని మనస్తత్వశాస్త్ర రీత్యా నిర్వచించి, పది వాక్యాల ప్రశ్నావళితో కొలిచే పద్ధతిని ఏర్పరచారు. తాను లేని చోట ఇతరులు సంతృప్తికరమైన అనుభవాలు పొందుతున్నారేమో అనే ఎడతెగని ఆందోళనే ఈ భయమని వారి నిర్వచన సారాంశం. మనిషికి మూడు మూలావసరాలున్నవి: తనకు చేతనవుననే నమ్మకం, తన ఇష్టప్రకారం నడచుకోగల స్వేచ్ఛ, తోటివారితో అనుబంధం. ఇవి ఎవరికి తక్కువగా తీరుతున్నవో వారిలోనే ఈ భయం ఎక్కువగా ఉన్నదని వారి పరిశీలనలో తేలినది. నిగ్రహం బోధించేవారు ఈ సంగతిని ముందుగా గమనించవలెను. ఆకలిగొన్నవానిని పట్టుకొని, నీకు ఆకలి ఎక్కువ అని నిందించడం న్యాయం కాదు.

దీనిని అసూయతో కలిపివేయడం కూడా పొరపాటు. అసూయాపరుడు ఎదుటివానికి ఆ సుఖం లేకుండా పోవలెనని కోరుతాడు. వెలితి భయం గలవాడు ఎవరి సుఖాన్నీ చెరపగోరడు. ఆ సుఖం జరిగే చోట తానూ ఉండవలెనని మాత్రమే కోరుతాడు. మయసభలో దుర్యోధనుడు పొందినది అసూయ. హస్తినలో అతనికున్న సంపదలో గవ్వంతయినా తరగలేదు. అయినా పాండవుల వైభవాన్ని కన్నులారా చూచి వచ్చిన తరువాత శకుని వద్ద కూర్చుండి తన తాపం వెళ్లబోసుకొన్నాడు. వెలితి భయం అసూయ కాదు గాని, దానికి దగ్గరి చుట్టం. రెండింటికీ మూలం చూపులోనే ఉన్నది. చూడనంతవరకు దుర్యోధనుడు సుఖంగానే ఉన్నాడు.

పూర్వం ఆ చూపుకు రెండు అడ్డుగోడలు ఉండేవి: దూరం ఒకటి, ఆలస్యం ఒకటి. ప్రక్క ఊరి తిరునాళ్ల సంగతి, వెళ్లివచ్చినవారు చెప్పినప్పుడే తెలిసేది. అప్పటికి తిరునాళ్లు ముగిసిపోయేవి. బంధువుల ఇంటి పెండ్లికి పిలుపు రాకపోతే బాధ కలిగేది. కాని ఆ పందిరి క్రింద ఎవరు నవ్వుతున్నారో, ఏ వంట వడ్డిస్తున్నారో నిమిష నిమిషానికీ కన్నులకు కట్టేది కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అనే సామెత ఒక్క పొరుగింటిని గురించి చెప్పినది. ఇప్పుడు పొరుగిండ్లు వేలకొలది. వాటి వంటిండ్లన్నీ ఒకే అరచేతిలో తెరచి ఉన్నవి. తిరునాళ్లు ముగియడం లేదు. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమై డేటా ధర పడిపోయిన తరువాత, భారతదేశంలో కోట్లాది సామాన్యులు అచిరకాలంలోనే ఈ తిరునాళ్లలోనికి వచ్చి చేరారు.

ఈ భయం యువతరం యొక్క బలహీనత కూడా కాదు, మానవ స్వభావం. లియోన్ ఫెస్టింగర్ 1954 లోనే ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు: తన శక్తిని, తన అభిప్రాయాన్ని కొలుచుకొనడానికి స్థిరమైన కొలబద్ద దొరకనప్పుడు మనిషి తోటి మనుషులనే కొలబద్దగా చేసుకొంటాడని. ఆ తరువాత కిప్లింగ్ విలియమ్స్ అనే శాస్త్రజ్ఞుడు కంప్యూటరుపై ఒక బంతియాట రూపొందించాడు. ఆటలో ఉన్న మరి ఇద్దరు కొంతసేపు బంతిని అందించి, తరువాత అందించడం మానివేస్తారు. ఆ ఇద్దరూ ముక్కు మొగమూ తెలియనివారు. అయినా బంతి రానివాడు నొచ్చుకొంటాడు. 2003 లో ఇదే ఆటను మెదడు చిత్రాలు తీస్తూ ఆడించినప్పుడు, శరీరబాధకు సంబంధించిన మెదడు ప్రాంతాలలో ఒకటి అప్పుడు కూడా చురుకుగా పనిచేసినట్లు కనబడినది.

ఈ సత్యాన్ని తెలుసుకొనడానికి భారతదేశానికి ప్రయోగశాలలు అక్కరలేదు. వెలి అనే మాట ఎంత పాతదో ఆ భయమూ అంత పాతది. నిప్పూ నీరూ ఇవ్వరాదు, శుభానికీ అశుభానికీ పిలువరాదు అని కులపెద్దలు తీర్పు చెప్పితే, దెబ్బలకు లొంగనివాడు కూడా దానికి లొంగిపోయేవాడు. ఆ శిక్ష క్రూరత్వాన్ని గుర్తించి మహారాష్ట్ర శాసనసభ 2016 లో సాంఘిక బహిష్కారాన్ని నేరంగా ప్రకటిస్తూ శాసనం చేసినది. ఇంతటి శక్తి గల భయాన్ని ఒక పదహారేండ్ల బాలిక ఎవరి సాయమూ లేక తన సంకల్పబలంతో అణచివేయవలెనని కోరడం ఎంతవరకు న్యాయమో ఉపదేశకులు ఆలోచించవలెను.

పాత భయానికి క్రొత్త యంత్రం దొరికినది. ఆ యంత్రం ఒక్కనాడు తయారు కాలేదు. ఒక్కొక్క మరనూ ఒక్కొక్కప్పుడు బిగించారు. 2006 లో ఫేస్‌బుక్ తన సభ్యుల చర్యలన్నింటినీ ఒకే ధారగా వారి స్నేహితుల ముందుకు తెచ్చినది. అంతవరకు ఒకరి సంగతులు తెలియవలెనంటే వారి పుటకు వెళ్లి చూడవలసి ఉండేది. ఆ సంవత్సరమే ఆజా రాస్కిన్ అనే రూపకర్త అంతులేకుండా క్రిందికి జరిగే పుటను కల్పించాడు. తరువాతి కాలంలో అతడే అందుకు బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. 2009 లో మెచ్చుకోలును లెక్కపెట్టే మీట వచ్చినది. 2014 లో వాట్సాప్ నీలిరంగు గుర్తులు వచ్చినవి. చదివి కూడా బదులు పలుకలేదన్న సంగతి ఎదుటివానికి తెలియసాగినది. 2016 లో ఇన్‌స్టాగ్రామ్, అంతకుముందే స్నాప్‌చాట్‌లో ఉన్న ఏర్పాటును అనుకరించి, 24 గంటలలో మాయమయ్యే చిత్రాలను ప్రవేశపెట్టినది.

ఈ చివరి ఏర్పాటు ప్రత్యేకంగా పరిశీలింపదగినది. పూవు వాడిపోతుంది, పండు కుళ్లిపోతుంది. అది ప్రకృతి ధర్మం. కాని కంప్యూటరులో దాచిన చిత్రం 24 గంటలలో వాడిపోవలసిన అవసరమేమీ లేదు. వాడిపోయేటట్లు చేశారు. ఈనాడు చూడకపోతే రేపు ఉండదు అనే కొరతను కావాలని కల్పించారు. దీనికి తోడు, ఎప్పుడు ఏమి దొరుకుతుందో తెలియని అనిశ్చితి ఉన్నది. ఫెర్స్టర్, స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞులు 1957 లో ప్రకటించిన గ్రంథంలో ఒక విషయం విపులంగా చూపించారు. మీట నొక్కినప్పుడెల్ల గింజ దొరికే పావురం కంటె, ఎన్నిసార్లు నొక్కితే దొరుకుతుందో తెలియని పావురం అలుపులేక నొక్కుతుంది. తెరను క్రిందికి లాగి క్రొత్తదేమైనా వచ్చినదా అని చూచే వ్రేలు చేస్తున్న పనీ అదే.

ఇదంతా ఎందుకంటే, ఈ సంస్థలు సభ్యుల వద్ద ధర పుచ్చుకోవు. సభ్యుల సమయాన్ని ప్రకటనదారులకు అమ్ముకొంటాయి. ఎంత ఎక్కువసేపు చూస్తే అంత ఎక్కువ ఆదాయం. ఫేస్‌బుక్ మొదటి అధ్యక్షుడైన షాన్ పార్కర్ 2017 లో ఈ సంగతిని దాచకుండా ఒప్పుకొన్నాడు: మనుషుల సమయాన్ని, అవధానాన్ని సాధ్యమైనంత ఎక్కువగా ఎట్లు వినియోగించుకోగలమన్నదే తొలినాటి ఆలోచన అనీ, మానవ మనస్సులోని ఒక బలహీనతను వాడుకొనడమే అందులోని కిటుకు అనీ. అనగా వెలితి భయం ఈ పరిశ్రమకు ముడిసరుకు. 2018 లో ఇవే సంస్థలు, రోజుకు ఎన్ని నిమిషాలు చూచారో లెక్క చెప్పే సాధనాలను సభ్యులకు అందించినవి. కల్లు దుకాణం యజమాని గోడకు మితపానమే మేలు అనే పలక తగిలించినట్లున్నది ఈ ఔదార్యం. లెక్క మీ చేతిలో పెట్టినాము, ఇక తప్పు మీది అని ఆ పలక అర్థం. నిగ్రహం బోధించే పెద్దలు తమకు తెలియకుండానే ఆ పలకను ఇంటింటికీ మోస్తున్నారు.

ఒంటరి నిగ్రహం ఎందుకు చాలదో 2023 లో వెలువడిన ఒక పరిశోధన స్పష్టంగా చూపినది. లియొనార్డో బర్‌స్టిన్, మరి ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు అమెరికాలో వెయ్యిమందికి పైగా కళాశాల విద్యార్థులను పరీక్షించారు. నాలుగు వారాలపాటు టిక్‌టాక్ మానివేయడానికి ఎంత ప్రతిఫలం కావలెనని అడిగినప్పుడు, తక్కినవారందరూ అందులోనే ఉండి తాను ఒక్కడే మానవలెనంటే సగటున 59 డాలర్లు కోరారు. ఇన్‌స్టాగ్రామ్‌కు 47 డాలర్లు. తరువాత మరొక ప్రశ్న వేశారు: నీతోపాటు నీ విశ్వవిద్యాలయంలోని వారందరూ మానివేసేటట్లయితే? అప్పుడు విద్యార్థులు పుచ్చుకొనే మాట విడిచి, ఇచ్చే మాట పలికారు. అందరూ ఒకేసారి మానడానికి టిక్‌టాక్ విషయంలో 28 డాలర్లు, ఇన్‌స్టాగ్రామ్ విషయంలో 10 డాలర్లు తామే చెల్లిస్తామన్నారు.

ఈ రెండు సమాధానాల నడుమ ఉన్న వ్యత్యాసంలోనే ఈ వివాదం సర్వస్వమూ ఇమిడి ఉన్నది. అదే మనిషి, అదే ఫోను, అదే నాలుగు వారాలు. మారినది అతని సంకల్పబలం కాదు, తోటివారి స్థితి. ఒంటరిగా బయటకు రమ్మంటే వెల అడిగినవాడు, అందరితో కలిసి బయటకు రావడానికి తానే వెల ఇవ్వజూపుతున్నాడు. అతడు ఆ వస్తువును ప్రేమించడం లేదు. అది లేనివాడుగా మిగలడానికి భయపడుతున్నాడు. అట్టివానికి నిగ్రహం బోధించడం రోగం ఒకటైతే మందు మరొకటి ఇవ్వడమే.

పైగా అందరికీ ఒంటరిగా వైదొలగే స్తోమత ఉండదు. తరగతి వేళలు మారిన సంగతి విద్యార్థుల వాట్సాప్ బృందంలోనే ప్రకటిస్తున్నప్పుడు, బృందం వదలిన విద్యార్థి మరునాడు ఖాళీ గదికి వెళ్లవలసి వస్తుంది. కరీంనగరం ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లిన కూలీకి, బిడ్డ మొగం చూపించేది ఆ తెర ఒక్కటే. బావి ఒక్కటే ఉన్న ఊరిలో, బావికి వెళ్లవద్దని చెప్పడం హితవు కాదు. స్నేహితులు, ఆస్తి, హోదా గలవాడు కొన్నాళ్లు ఫోను మానివేసి ఆ వ్రతాన్ని గురించి వ్యాసం వ్రాయగలడు. అతని కొరకు లోకం ఎదురుచూస్తుంది. ఏ ఆధారమూ లేనివానికోసం ఎవరూ ఎదురుచూడరు. నిగ్రహోపదేశం చివరకు బలవంతునికి అలంకారంగాను, దుర్బలునికి అపరాధంగాను పరిణమిస్తున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఈ కీడును గోరంతలు కొండంతలు చేస్తున్నారని కొందరు విద్వాంసులు అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. 2019 లో అమీ ఆర్బెన్, ప్రిజిబిల్‌స్కీ కలిసి పెద్ద సంఖ్యలో కౌమారవయస్కుల సమాచారాన్ని పరిశీలించి, వారి మానసిక క్షేమంలోని వ్యత్యాసాలలో ఈ సాధనాల వాడకానికి సంబంధించినది హెచ్చుగా చూచినా 0.4 శాతం మాత్రమేనని తేల్చారు. కావున దీనిని మహమ్మారి అనడం తగదు. కాని మనిషి పోగొట్టుకొనేవన్నీ ప్రశ్నావళిలో రోగంగా నమోదు కావు. ఎదుట కూర్చున్న తల్లి మాట సగం విని సగం వినకపోవడం రోగం కాదు, నష్టమే. పుస్తకం పది పుటలు తిరగవేయకముందే చేయి మరొక వైపు పోవడం రోగం కాదు, నష్టమే.

మరొక ఆక్షేపణ కూడా ఉన్నది. 2018 లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులపై జరిపిన ప్రయోగంలో, ఒక్కొక్క మాధ్యమానికి రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు వాడకం తగ్గించుకొన్నవారికి ఒంటరితనం తగ్గినది. ఇక నిగ్రహం పనిచేయదని ఎట్లా అనగలరు? పనిచేసినది, నిజమే. కాని ఆ విద్యార్థులు ఎవరి గదిలో వారు కూర్చుండి ప్రతిజ్ఞ పట్టినవారు కారు. గడువు ఉన్నది, ఒప్పందం ఉన్నది, లెక్క చూచే వారున్నారు. వాడకం తగ్గించుకొనక, దానిని గమనించుకొన్నవారిలో కూడా వెలితి భయం తగ్గినదని ఆ పరిశోధకులే వ్రాశారు. కట్టుబాటు నడుమ నిలిచిన నిగ్రహం నిలుస్తుంది. ఏకాకి నిగ్రహం జారిపోతుంది.

కట్టుబాటు అనగానే నిషేధమే గుర్తుకు వస్తుంది. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం దేశభద్రత కారణంగా టిక్‌టాక్‌ను నిషేధించినది. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ అట్టి చిన్న చలనచిత్రాలకు తన గృహంలో చోటు కల్పించినది. జనం అటు తరలిపోయారు. దుకాణం ఒకటి మూతపడినంత మాత్రాన వ్యాపారం మూతపడదు. ఆస్ట్రేలియా 2024 లో శాసనం చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు వారు ఈ మాధ్యమాలలో ఖాతాలు పెట్టుకోరాదన్నది. అందులో ఒక వివేకం ఉన్నది: తరగతి మొత్తం బయట ఉన్నప్పుడు ఎవ్వరూ వెలి కారు. కాని ఒక లోపం కూడా ఉన్నది: భయం పిల్లలదేనన్నట్లు, పెద్దలు దానికి అతీతులన్నట్లు ఆ శాసనం గీత గీచినది.

ఇంతకంటె సులభమైన మార్గాన్ని మహారాష్ట్రలోని ఒక పల్లె చూపినది. సాంగ్లీ జిల్లాలోని వడ్‌గావ్ గ్రామంలో, కరోనా కాలపు చదువుల వలన పిల్లలు ఫోనులకు అతుక్కుపోయినారని గ్రహించిన పంచాయతీ 2022 లో ఒక ఏర్పాటు చేసినది. సాయంత్రం 7 గంటలకు గుడి మీది సైరను మ్రోగుతుంది. ఊరివారందరూ ఫోనులు, టెలివిజనులు ప్రక్కన పెడతారు. పిల్లలు చదువుకొంటారు, పెద్దలు మాట్లాడుకొంటారు. 8.30 కి మళ్లీ సైరను మ్రోగుతుంది. ఇందులో మహాత్యాగం ఏదీ లేదు. కాని ఆ గంటన్నరలో ఊరిలో ఎవరికీ ఏదీ తప్పిపోవడం లేదు. భయానికి ఆధారమే తొలగిపోయినది. ఉపదేశం చేయలేనిది ఒక సైరను చేసినది.

ఈ రహస్యం భారతదేశపు ఆచారాలకు క్రొత్తది కాదు. ఏకాదశినాడు ఇల్లంతా ఉపవాసముంటే ఏడేండ్ల పిల్లవాడు కూడా ముచ్చటపడి ఉపవాసం ఉంటాడు. రంజాన్ మాసంలో వీధి అంతా కలిసి పగలు అన్నపానాలు మానివేస్తుంది, కలిసి సాయంకాలం విరమిస్తుంది. అదే మనిషిని పెండ్లిపంక్తిలో కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల వడ్డిస్తూ, నీవు మాత్రం పస్తుండమంటే అది వ్రతం కాదు, హింస. పూర్వులు మనిషి బలహీనుడని ఎరిగి, అతని నియమానికి పదిమంది తోడు కల్పించారు. నేటి ఉపదేశకులు విందును ఇరవైనాలుగు గంటలూ సాగనిచ్చి, పస్తును మాత్రం ఒక్కనికి అప్పగిస్తున్నారు.

కాబట్టి చేయవలసిన పనులు ఉపదేశాలు కావు, ఒప్పందాలు. పాఠశాలలు రాత్రివేళ బృందాలలో ప్రకటనలు చేయడం మానవలెను. అవసరమైనది మరునాడు తరగతిలో చెప్పవలెను. కార్యాలయాలు పనివేళ దాటిన తరువాత పంపిన సందేశానికి బదులు ఆశించరాదని నియమం పెట్టుకోవలెను. ఇండ్లలో ఫోనులు పక్కన పెట్టే వేళ పిల్లలకు మాత్రమే కాదు, తండ్రికీ తాతకూ వర్తించవలెను. ఇక సంస్థల విషయం. నీలిగుర్తులు, అంతులేని పుటలు, 24 గంటల గడువులు ప్రకృతి విధించినవి కావు; మనుషులు బిగించిన మరలు. కోరినవారికి మాత్రమే అవి ఉండవలెననీ, కోరనివారికి మొదటినుండే లేకుండా ఉండవలెననీ శాసనం నిర్దేశించవచ్చును. పానీయం అమ్మేవాడు సీసాపై హెచ్చరిక అంటించితే చాలదు. నీళ్లలో మత్తు కలుపరాదని చెప్పే హక్కు సంఘానికి ఉన్నది.

ఇందులో పణంగా ఉన్నది కొన్ని నిమిషాల కాలం మాత్రమే కాదు. ఒక చోట పూర్తిగా ఉండడమంటే తక్కిన అన్ని చోట్లా లేకపోవడమే. వీణ నేర్చుకొనేవాడు, రోగి ప్రక్కన కూర్చునేవాడు, పొలంలో నీరు కట్టేవాడు, పుస్తకం చదివేవాడు, ప్రతి ఒక్కడూ ఆ వేళకు వేయి విషయాలను చేజార్చుకొంటాడు. చేజార్చుకొనకుండా ఏ పనీ పూర్తికాదు, ఏ స్నేహమూ పండదు. హాజరు కాకుండా ఉండే హక్కు ప్రతి మనిషికీ కావలెను. అది శిక్షగా పరిణమించకుండా కాపాడే బాధ్యత తోటివారిది. యువకునికి నిగ్రహం చెప్పదలచిన పెద్దలు ముందుగా ఆ బాధ్యతలో తమ వంతు తీర్చుకోవలెను: ఒక వేళ నిర్ణయించి, గంట మ్రోగించి, అతని ఫోను పెట్టిన బుట్టలోనే తమ ఫోనునూ పెట్టవలెను.